గదికి నాలుగు స్టార్లు, పార్కింగ్‌కి ఒకటిన్నర

గది గురించి ఎక్కువ రాయను. పరుపు బాగుంది, వేడినీళ్లు వచ్చాయి, ఏసీ చప్పుడు చెయ్యలేదు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. నాలుగు స్టార్లు ఇచ్చేస్తాను. నేను చెప్పాలనుకున్నది ఆ హోటల్ పార్కింగ్ గురించి. పని మీద తిరుగుతూ చాలాసార్లు రాత్రి పదకొండు దాటాక, ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ హోటల్‌కి చేరుతుంటాను. అలా వచ్చేవాళ్లకి హోటల్ ఇంజన్ ఆపిన చోటే మొదలవుతుంది. అక్కడ గుండె దడదడలాడితే పైన పరుపు ఎంత మెత్తగా ఉన్నా నిద్ర పట్టదు.

బుక్ చేసేముందు రివ్యూలన్నీ చదివాను. టిఫిన్ గురించి, వైఫై గురించి, బాత్రూమ్ గురించి పేజీలకి పేజీలు ఉన్నాయి. పార్కింగ్ గురించి దొరికింది ఒకే ఒక్క ముక్క, "పార్కింగ్ ఉంది, ఖాళీ బాగానే ఉంటుంది" అని. పగలు వచ్చినవాళ్లకి అంతకుమించి రాయడానికి ఏమీ కనబడదు, వాళ్లని తప్పుపట్టను. అందుకే రాత్రి వచ్చినదాన్నిగా నేను రాస్తున్నాను. హోటల్ పేరు పెట్టడం లేదు, ఎందుకంటే నేను చెప్పిన వాటిలో కొన్నింటిని వాళ్లు మర్నాడే సరిచేశారు. పైగా ఇవే లోపాలు ఇంతకుముందు నేను దిగిన చాలా హోటళ్లలో చూశాను, ఒక్కరినే వేలెత్తి చూపిస్తే మిగతావాళ్లు బాగున్నట్టు అవుతుంది.

మొదటి రాత్రి పన్నెండుకి ఇరవై నిమిషాల ముందు చేరాను. ముందువైపు పోర్టికో పట్టపగల్లా ఉంది. గాజు తలుపులు, లోపల సోఫాలు, అవన్నీ చూస్తే ఇక్కడ భయపడాల్సింది ఏముంది అనిపిస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి కూర్చున్నచోటు నుంచే చేత్తో వెనక్కి వెళ్లమని చూపించాడు. బిల్డింగ్ పక్కన ఒక్క కారు మాత్రమే పట్టే సందు, ఒకవైపు ప్రహరీ, ఇంకోవైపు హోటల్ గోడ, ఆ గోడకి ఒక్క కిటికీ కూడా లేదు. సందు దాటితే వెనకాల యాభై అరవై కార్లు పట్టేంత స్థలం. లైటు స్తంభాలు ఆరు ఉంటే రెండు వెలగడం లేదు, ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. గోడకి మాత్రం ఒక పెద్ద ఫ్లడ్‌లైట్ బిగించారు, అది తిన్నగా లోపలికొచ్చే డ్రైవర్ కళ్లలో పడుతుంది.

ఈ ఫ్లడ్‌లైట్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మర్నాడు నేను అడిగినప్పుడు "అంత పెద్ద లైటు పెట్టాం కదా మేడం" అన్నారు. వెలుతురు ఎక్కువుంటే చాలనుకుంటాం గానీ, ఒకేచోట కళ్లు చెదిరే లైటు పెడితే దాని పక్కనున్న నీడ ఇంకా నల్లగా అయిపోతుంది. కంటిపాప ఆ వెలుగుకి ముడుచుకుంటుంది, ఆ నీడలో మనిషి నిలబడి ఉన్నా మనకి కనబడడు, అతనికి మాత్రం మనం బాగా కనబడతాం. బాగా వెలుతురున్న చోటు నుంచి చీకట్లోకి వెళ్తే కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. లాబీ నుంచి కారు దాకా నడవడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ మన చూపు సగమే పనిచేస్తున్నట్టు లెక్క. కాబట్టి వెలుతురు మరీ ఎక్కువ కాకపోయినా అంతటా ఒకేలా పరుచుకుని ఉండాలి, కారుకీ కారుకీ మధ్య నేల కనబడాలి, ఎదురుగా వచ్చే మనిషి మొహం పది పదిహేను అడుగుల దూరంలోనే తెలియాలి. పాత పసుపు సోడియం లైట్లున్న చోట ఇంకో ఇబ్బంది, వాటికింద రంగులు సరిగ్గా తెలియవు. ఏదైనా జరిగితే రేపు పోలీసులకి చొక్కా రంగో, కారు రంగో చెప్పలేం, కెమెరాలో కూడా అంతే.

ఇక అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది వెనక తలుపు. పార్కింగ్‌కి ఎదురుగానే హోటల్ లోపలికి ఒక తలుపు ఉంది, దాని పక్కనే లిఫ్ట్. బ్యాగులు తీసుకుని నాలుగడుగులు వేస్తే లోపల ఉంటాం. కానీ దానిమీద కాగితం అంటించారు, "రాత్రి 10 తర్వాత ఈ ద్వారం మూసివేయబడును, ముందు ద్వారం ఉపయోగించగలరు" అని. కారణం అడిగితే భద్రత అన్నారు. బిల్డింగ్‌లో ఉన్నవాళ్ల భద్రత సరే, అర్ధరాత్రి పార్కింగ్‌లో దిగిన మనిషి సంగతి ఎవరూ ఆలోచించలేదు. రెండు బ్యాగులు పట్టుకుని, కిటికీ కూడా లేని గోడ పక్కనుంచి ఆ సందంతా నడిచి ముందుకి రావాలి. ఆ సందులో ఎవరైనా ఎదురైతే పక్కకి తప్పుకునే చోటు కూడా లేదు. తలుపుకి గది కార్డుతో తెరుచుకునే లాక్ పెడితే సరిపోయే పని ఇది. అలాంటి లాక్ ప్రతి గదికీ ఉంది, ఈ తలుపుకి మాత్రం లేదు.

కారు ఎక్కడ పెట్టాలా అని నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాను. ఇది నేను ఎప్పుడూ చేసే పని. వెంటనే ఖాళీ చోట్లోకి దూరిపోకుండా ముందు ఒక చుట్టు తిరిగితే ఎవరున్నారు, ఎక్కడ నీడ ఉంది, బయటికి పోయే దారి ఎటు అనేది తెలిసిపోతుంది. ఒక మూలన కారులో సీటు వెనక్కి వాల్చుకుని ఎవరో కూర్చుని ఉన్నారు, ఫోన్ వెలుతురు మొహం మీద పడుతోంది. ఇంజన్ ఆపేసి ఉంది. నా కారు లైట్లు పడగానే ఫోన్ వెలుతురు ఆరిపోయింది. అతను ఎవరికోసమో ఎదురుచూస్తున్న మామూలు మనిషే అయ్యుండొచ్చు, డ్రైవర్ అయ్యుండొచ్చు, ఏమీ జరగలేదు కూడా. కానీ ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు కదా. తెలియనప్పుడు దిగి చూడాల్సిన అవసరం కూడా లేదు. నేను దిగలేదు. డోర్లు లాక్‌లోనే ఉంచి అదే దారిన బయటికి వచ్చి కారు మళ్లీ పోర్టికో కింద ఆపాను.

చాలామంది ఇక్కడ మొహమాటపడతారు. ఏమనుకుంటారో, పిరికిదనుకుంటారేమో, ఊరికే అనుమానించానేమో అని. నేనూ కొన్నేళ్లు అలాగే మొహమాటపడి, గుండె చేత్తో పట్టుకుని నడిచేశాను. ఇప్పుడు పడను. లోపలికి వెళ్లి రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయితో "వెనకాల చీకటిగా ఉంది, ఒక్కదాన్నే ఉన్నాను, కారు పెట్టొచ్చేదాకా ఎవరినైనా తోడు పంపిస్తారా" అని అడిగాను. ఒక్కమాట ఎదురు చెప్పలేదు. సెక్యూరిటీ అబ్బాయిని పిలిచి, టార్చ్ ఇచ్చి, తను కూడా బయటికి వచ్చింది. బ్యాగులు ముందే దింపి లాబీలో పెట్టించింది. అతను సందు చివర నిలబడ్డాడు, నేను కారు పెట్టాను, ఇద్దరం కలిసి నడిచి వచ్చాం. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో. ఈ రివ్యూలో ఉన్న ఒకటిన్నర స్టార్లూ ఆ ఇద్దరివే.

ఈ పద్ధతి ఎవరైనా ఎక్కడైనా పాటించొచ్చు, అందుకే విడిగా చెప్తున్నాను. రాత్రి వచ్చినప్పుడు ముందు పోర్టికో కిందే కారు ఆపండి, చెకిన్ చెయ్యండి, సామాను దింపించండి, ఆ తర్వాతే కారు పెట్టడానికి వెళ్లండి. సామాను లేకపోతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, తిరిగి వచ్చేటప్పుడు చకచకా నడవొచ్చు, ఇంకో బ్యాగు ఉండిపోయిందని రెండోసారి దిగాల్సిన పని ఉండదు. పైగా మనం కారు పెట్టడానికి వెళ్లిన సంగతి, ఇంకా రాలేదన్న సంగతి లోపల ఒక మనిషికి తెలిసి ఉంటుంది. తోడు రమ్మని అడగడం హోటల్ నుంచి ఏదో ఎక్కువ ఆశించడం కాదు, రిసెప్షన్‌లో ఇంకో దిండు అడిగినంత మామూలు విషయం.

కెమెరాలు ఉన్నాయా అంటే ఉన్నాయి, నాలుగు లెక్కపెట్టాను. వాటిని రాత్రిపూట ఎవరైనా చూస్తున్నారా అని అడిగితే రికార్డు అవుతుందన్నారు. రికార్డు అయ్యేది తర్వాత పనికొస్తుంది, దొంగని పట్టుకోవడానికో, ఇన్సూరెన్స్‌కో. అక్కడ నిలబడి ఉన్నప్పుడు కావలసింది చూసే మనిషి. చోటుని కట్టే తీరు మార్చి కూడా నేరాలు తగ్గించొచ్చనే ఆలోచనకి 1971లో సి. రే జెఫరీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త ఒక పేరు పెట్టారు, అప్పటినుంచి ఆర్కిటెక్టులు, పోలీసులు దానిమీద చాలా పని చేశారు. అందులో ముఖ్యమైన సంగతి చాలా తేలిగ్గా అర్థమవుతుంది: మామూలుగా వచ్చేపోయే మనుషుల చూపు పడేచోట తప్పుడు పని చెయ్యడానికి జంకుతారు. అందుకే పార్కింగ్ వైపు కిటికీలు ఉండాలంటారు, మెట్లకీ లిఫ్ట్‌కీ గాజు గోడలు పెట్టమంటారు, పొదలు మోకాలి ఎత్తు దాటకుండా కత్తిరించమంటారు, చెట్ల కొమ్మలు తలకంటే పైకి ఉండాలంటారు. ఈ హోటల్లో ప్రహరీ పొడవునా నడుమెత్తు క్రోటన్ మొక్కలు ఉన్నాయి. పగలు చూస్తే అందంగానే ఉన్నాయి. రాత్రి వాటి వెనకాల ఏముందో తెలియదు.

రెండో రాత్రి మేనేజర్ నన్ను సెల్లార్‌లో పెట్టుకోమన్నారు, మామూలుగా అది సిబ్బందికట. సెల్లార్ అంటే లోపలే ఉంది కాబట్టి నయం అనుకుంటాం, కొంత నిజమే, లిఫ్ట్ అక్కడి నుంచే ఉంది. కానీ దిగిన వెంటనే ఫోన్ సిగ్నల్ పోయింది. కిందికి దిగేముందే చెప్పాల్సింది చెప్పేసుకోవాలి, లొకేషన్ పంపాల్సి ఉంటే ర్యాంప్ మీదే పంపాలి, కింద జీపీఎస్ కూడా సరిగ్గా పనిచెయ్యదు. స్తంభం నంబరు ఫొటో తీసుకుంటే పొద్దున ఖాళీ సెల్లార్‌లో రిమోట్ నొక్కుతూ తిరగాల్సిన పని ఉండదు. చోటు ఎంచుకునేటప్పుడు లావుపాటి స్తంభం పక్కన, మెట్ల మలుపు పక్కన, పెద్ద వ్యాన్ పక్కన నేను పెట్టను. వ్యాన్ ఉంటే మన డ్రైవర్ డోరు ఎవరికీ కనబడదు. లిఫ్ట్‌కి దగ్గరగా, అటూ ఇటూ ఖాళీగా, రివర్స్‌లో వెనక్కి పెట్టుకుంటే బయల్దేరేటప్పుడు ముందుకి పోనిస్తే చాలు. ఇంకొక్క మాట, సెల్లార్‌లో ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, గాలి ఆడని చోట అది పేరుకుపోతుంది, మత్తుగా అనిపించేసరికే ఆలస్యం అవుతుంది.

ఎలక్ట్రిక్ కారున్న స్నేహితురాలు ఒకామె ఎప్పుడూ అంటుంది, హోటళ్లలో ఛార్జింగ్ పాయింట్లు అందరికీ దూరంగా ఏ మూలో పెడతారని. ఇక్కడా అంతే, ఫ్లడ్‌లైట్ వెలుతురు అందని చివర్లో రెండు పాయింట్లు ఉన్నాయి. ఛార్జింగ్ పెట్టడానికి ఒకసారి, తియ్యడానికి ఇంకోసారి వెళ్లాలి. ఆ రెండోసారి అర్ధరాత్రి రెండింటికి పడొచ్చు. ఉదయం దాకా అలాగే వదిలెయ్యనిస్తారా అని ముందే అడిగి పెట్టుకోవడం మేలు.

చెకిన్ అప్పుడు ఒక చీటీ ఇచ్చారు, కారు అద్దం దగ్గర కనబడేలా పెట్టమని. దానిమీద నా పేరు, కారు నంబరు, గది నంబరు, ఎన్నాళ్లు ఉంటానో కూడా పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఇది చాలా హోటళ్లలో చేస్తారు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఒక మనిషి ఒంటరిగా కారు దిగడం చూసినవాడు ఆ అద్దంలోకి తొంగిచూస్తే పేరు, గది నంబరు, ఎల్లుండి దాకా ఇక్కడే ఉంటుందన్న సంగతి అన్నీ దొరుకుతాయి. తలుపు తట్టి పేరు పెట్టి పిలిస్తే హోటల్ మనిషే అనుకుని తెరుస్తాం. నేను చీటీ మార్పించాను, కారు నంబరు, తేదీ మాత్రమే రాయించి. గది నంబరు వాళ్ల కంప్యూటర్లో ఉంది కదా, అద్దంలో ఎందుకు? రిసెప్షన్‌లో గది నంబరు గట్టిగా చదవడం కూడా ఇలాంటిదే. కాగితం మీద రాసి చూపించమంటే ఎవరైనా చూపిస్తారు.

తాళాల సంగతికి వస్తే, ఇది హోటల్ తప్పు కాదు గానీ పార్కింగ్‌లో అవసరమయ్యేదే. రిమోట్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోవడం నాకూ అలవాటే ఉండేది. రిమోట్ సిగ్నల్‌ని అడ్డుకునే జామర్లు వాడే దొంగలు ఉన్నారు, మనం లాక్ అయిందనుకుంటాం, అవ్వదు. హ్యాండిల్ ఒకసారి లాగి చూస్తే సరి. జేబులో ఉంటే చాలు డోరు తెరుచుకునే కీలెస్ కార్లకి ఇంకో ముప్పు ఉంది, కీ నుంచి వచ్చే సిగ్నల్‌ని ఒకడు గది బయట నిలబడి అందుకుని, కారు దగ్గరున్న రెండోవాడికి పంపిస్తాడు. సిగ్నల్‌ని ఆపే పౌచ్‌లు దొరుకుతాయి, కీ అందులో వేసుకుంటే సరిపోతుంది. వేసుకున్నాక కారు దగ్గర నిలబడి ఒకసారి పరీక్షించుకోండి.

దానికంటే ముఖ్యమైనది సెట్టింగ్స్‌లో ఉంటుంది, చాలామంది చూడరు. చాలా కార్లలో రిమోట్ ఒకసారి నొక్కితే డ్రైవర్ డోరు మాత్రమే, రెండోసారి నొక్కితే మిగతావి తెరుచుకునేలా మార్చుకోవచ్చు. ఒంటరిగా వెళ్లే మనిషికి అటువైపు డోరు తెరుచుకోవాల్సిన అవసరమే లేదు. అలాగే గేరు పార్కింగ్‌లోకి వెయ్యగానే అన్ని డోర్లూ వాటంతటవే అన్‌లాక్ అయ్యే కార్లున్నాయి, అది కూడా ఆపేసుకోవచ్చు. నా కారులో మూడేళ్లపాటు ఆ సంగతి తెలియకుండానే తిరిగాను. రిమోట్ మీద ఎర్ర హారన్ బొమ్మ ఉంటే అది పానిక్ బటన్, దూరం నుంచే కారు అరుస్తుంది. అది లేకపోయినా కారులో కూర్చున్నప్పుడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకుండా నొక్కితే ఏదో ఒక కిటికీలో లైటు వెలుగుతుంది. ఎక్కగానే లాక్, స్టార్ట్, కదలడం. మెసేజ్‌లు, మ్యాప్, పాటలు, అవన్నీ పోర్టికో ముందుకొచ్చాక చూసుకోవచ్చు. ఆగిన కారులో తలవంచుకుని ఫోన్ చూస్తూ కూర్చున్న మనిషికి అద్దం దగ్గరికి ఎవరు వచ్చినా తెలియదు.

కారు కింద పడుకుని మడమలు కోసేవాడి గురించి, వెనక అద్దానికి కాగితం అంటించి మనం దిగగానే కారు ఎత్తుకుపోయేవాళ్ల గురించి ఫార్వర్డ్ మెసేజ్‌లు నాకూ వస్తాయి. అవి ఏళ్ల తరబడి తిరుగుతున్న కట్టుకథలు. భయం పెంచడం తప్ప వాటివల్ల ఏమీ రాదు, పైగా అసలు చూడాల్సినవాటి మీంచి దృష్టి మళ్లిపోతుంది. తాళంచెవులు వేళ్ల మధ్య గుచ్చిపట్టుకోమనే సలహా కూడా నాకు నచ్చదు, దెబ్బ మన వేళ్లకే తగిలే అవకాశం ఎక్కువ. తాళం చేతిలో ఉండాలి, డోరు తెరవడానికి సిద్ధంగా. చెవుల్లో ఏమీ ఉండకూడదు. ఎవరైనా కారో బ్యాగో అడిగితే ఇచ్చెయ్యండి, దూరంగా జరిగిపోండి. వాటిని మళ్లీ కొనుక్కుంటాం.

ఫోన్ గురించి క్లుప్తంగా రాస్తాను, ఎందుకంటే ఇవి ఇంటి దగ్గరే ఒకసారి చూసి పెట్టుకోవాల్సినవి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు, రాత్రి ప్రయాణానికి నేను 8 గంటలు పెట్టి అక్కకి పంపుతాను. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాక "చేరాను" అని మెసేజ్ పెడతాను, అది రాకపోతే ఆమె హోటల్‌కే ఫోన్ చేస్తుంది, అందుకే హోటల్ నంబరు కూడా ఆమె దగ్గర ఉంటుంది. ఐఫోన్లలో పక్క బటన్, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లేలా పెట్టుకోవచ్చు. చాలా దేశాల్లో అత్యవసర నంబరు 112, కొన్నిచోట్ల 911, కొన్నిచోట్ల 999, వెళ్లేచోట ఏదో బయల్దేరేముందే చూసుకోండి. ఇంకోటి, 2021లో ఆపిల్ ఎయిర్‌ట్యాగ్‌లు (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ట్రాకర్లు) వచ్చినప్పటి నుంచి ఎవరికైనా తెలియకుండా బ్యాగులోనో కారుకో ఆ చిన్న బిళ్ల పడేసి వెంటాడే పని తేలికైపోయింది. 2024 మే నుంచి ఆపిల్, గూగుల్ కలిసి రెండు రకాల ఫోన్లలోనూ హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేశాయి. "మీతోపాటు తెలియని ట్రాకర్ కదులుతోంది" అన్న అర్థంతో నోటిఫికేషన్ వస్తే చెరిపెయ్యకండి, గదికి కూడా వెళ్లకండి, లాబీలో కూర్చుని పోలీసులకి చెప్పండి.

లాబీ అనగానే గుర్తొచ్చింది. పార్కింగ్ నుంచి ఎవరో వెనకే వస్తున్నారనిపిస్తే తిన్నగా గదికి వెళ్లకూడదు. లిఫ్ట్‌లో మన అంతస్తు నొక్కకముందు అతను నొక్కేదాకా ఆగొచ్చు, లేదా దిగిపోయి రిసెప్షన్ దగ్గర నిలబడొచ్చు. ఒకసారి వేరే హోటల్లో నేను అలాగే దిగిపోయాను, ఏదో మర్చిపోయినట్టు. అతను నా మొహంలోకి చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఇప్పటికీ తెలియదు, ఆ రాత్రి గది మార్చుకున్నాను.

తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకి కూడా ఇదంతా వర్తిస్తుంది. నేను మూడో రోజు నాలుగున్నరకి చెకౌట్ చేశాను. ఆ టైముకి లాబీలో ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరూ కౌంటర్ వదిలి రాలేరు. అందుకని ముందురోజు సాయంత్రమే చెప్పి పెట్టాను. సెక్యూరిటీ అబ్బాయి నాలుగుంపావుకే సెల్లార్‌లోకి వచ్చి లైట్లన్నీ వేసి నిలబడ్డాడు. నేను కారు తీసి ర్యాంప్ ఎక్కేదాకా ఉన్నాడు. మొదటి రాత్రి కుర్చీలోంచి లేవని అబ్బాయే ఇతను. చెప్పేవాళ్లు లేక చెయ్యలేదు గానీ, ఏం చెయ్యాలో చెప్తే ఎంత శ్రద్ధగా చేశాడో చూశాను కాబట్టి అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాత్రి డ్యూటీ ఇచ్చేటప్పుడు గంటకొకసారి వెనకాల ఒక చుట్టు తిరిగి రమ్మని ఆ అబ్బాయికి యాజమాన్యమే చెప్పి ఉండాలి.

ఇక్కడ వ్యాలే, అంటే కీ తీసుకుని మన కారు వాళ్లే పెట్టే ఏర్పాటు లేదు, ఉన్నచోట చాలా చీకటి బాధలు తప్పుతాయి. కాకపోతే ఇంటి తాళాలు అదే గుత్తికి ఉంచి ఇవ్వకండి, కారు కీ ఒక్కటే విడదీసి ఇవ్వండి. కారు నావిగేషన్‌లో "ఇల్లు" అని అడ్రస్ పెట్టి ఉంటే తీసెయ్యండి. ఇంటి తాళం, ఇంటి అడ్రస్, మనం ఇంట్లో లేమన్న సంగతి, మూడూ ఒకే చేతిలో పెట్టడం ఎందుకు?

ఇప్పుడు నేను బుక్ చేసేముందు ఫోన్ చేసి అడిగేవి ఇవి. పార్కింగ్ హోటల్ ఆవరణలోనే ఉందా, బయట ఎక్కడైనా ఉందా? రాత్రి పన్నెండుకి కారు పెడితే అక్కడి నుంచి లోపలికి ఏ తలుపు తెరిచి ఉంటుంది? రాత్రంతా మనిషి ఉంటాడా, కారు దాకా తోడు వస్తారా? జవాబు కంటే చెప్పే తీరు చూస్తాను. "అలాంటిదేమీ ఉండదు మేడం, మా ఏరియా సేఫ్" అని తోసేస్తే అక్కడ దిగను. "ఒక్క నిమిషం, కనుక్కుని చెప్తాను" అన్నా నాకు చాలు. కొత్తచోట పగలు తీసిన ఫొటోలు కూడా చూస్తాను, స్తంభాలు ఎన్ని, తలుపు ఎటువైపు, పార్కింగ్ వైపు కిటికీలు ఉన్నాయా అని. వీలైతే కింది అంతస్తు గది వద్దంటాను, పార్కింగ్ కనబడే గదే అడుగుతాను.

మేనేజర్‌తో మర్నాడు పొద్దున అరగంట మాట్లాడాను. ఆయన విన్నారు, రాసుకున్నారు. ఆరుతూ వెలుగుతున్న లైటు ఆ సాయంత్రానికే మార్చారు, ఫ్లడ్‌లైట్‌ని కిందికి వంచారు, చీటీల మీద గది నంబరు రాయడం ఆపేస్తామన్నారు, నేను వెళ్లేలోపు కొత్త చీటీలు కౌంటర్ మీద చూశాను కూడా. వెలగని రెండు స్తంభాలకి లోపల వైరు పోయిందట, మనిషి రావాలట. మొక్కలు కత్తిరిస్తామన్నారు. వెనక తలుపు మాత్రం పై వాళ్లని అడగాలన్నారు. వచ్చే నెల మళ్లీ అటే పనుంది, అక్కడే దిగుతాను, అర్ధరాత్రే చేరతాను. ఆ తలుపు నా గది కార్డుతో తెరుచుకుంటే ఇదే రివ్యూలో పార్కింగ్ స్టార్లు మారుస్తాను.